ఏడో వరస

నూట పాతిక శాతం సరిపోలేదు. డ్రైవరు వంటింటి వైపు ఓ చెవి పడేసి, మౌస్‌ని మళ్ళీ తెర మూలనున్న మూడు చుక్కల మీదికి తెచ్చాడు. కూడిక గుర్తు నొక్కాడు. నూట యాభై. ఇంకోసారి నొక్కాడు. నూట డెబ్బై అయిదు. సైటులో అక్షరాలు ఒక్కసారిగా ఒళ్ళు చేసి, తెర అడుగుదాకా దిగాయి.

"అయిందా అండీ?" కుళాయి కట్టేస్తూ భార్య అడిగింది.

"ఆ, తెరుచుకుంటోంది. నెట్ నత్తనడక నడుస్తోంది."

స్కూలు బస్సు డ్రైవర్లందరికీ యాజమాన్యం పంపిన కంటి పరీక్ష అది. ఇంట్లోనే కంప్యూటర్లో ఆ సైటు తెరిచి, ఆరడుగుల దూరంలో కూర్చుని, ఏడో వరస చదవాలి. ఇంట్లోవాళ్ళు ఒకరు తెర పక్కనే ఉండి సరిచూసి, కాగితం మీద సాక్షి సంతకం పెట్టాలి. సాయంత్రం ట్రిప్పులోపు ఆ కాగితం ఇవ్వనివాడికి రేపటి నుంచి స్టీరింగ్ ఉండదు. ఇరవై రెండేళ్ళుగా అతనికి తెలిసిన పని అదొక్కటే.

తెరిచిన ప్రతిసారీ అక్షరాలు మారిపోతాయి కాబట్టి బట్టీ పట్టే దారి లేదు. ఈ కిటుకు చెప్పింది షెడ్డులో మెకానిక్కు. "అన్నా, ఆ ఒక్క సైటులోనే అక్షరాలు పెద్దవవుతాయి. మిగతావన్నీ మామూలే. బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు" అన్నాడు.

బ్రహ్మదేవుడి సంగతి ఎలా ఉన్నా, అతని గుబులంతా భార్య గురించే. నెల రోజులుగా ఆవిడ అతని కళ్ళకి పరీక్షలు పెడుతూనే ఉంది. సూదీ దారం చేతికిచ్చి ఎక్కించమంటుంది. మాత్రల అట్ట తెచ్చి తేదీ చూడమంటుంది. నిన్నటికి నిన్న ఫోన్ ఇచ్చి, చెల్లెలు ఏం రాసిందో చదివిపెట్టమంది. ప్రతిసారీ అతను కిటికీ దగ్గరికి పోయి, ఏవో తిప్పలు పడి గట్టెక్కాడు. ఆవిడకి అనుమానం వచ్చిందంటే అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ తెర ముందు కుర్చీ లాక్కుంది. ముఖం తెరకి దగ్గరగా పెట్టింది. అతను ఆరడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"కానివ్వండి. ఎక్కడ తడబడితే అక్కడే ఆపేస్తా."

"గ, ల, ట, ప, న."

ఆవిడ తెర వైపు ఇంకాస్త వంగింది.

"అన్నీ సరిగ్గా చదివారు" అంది చివరికి. ఆవిడ ముఖం విప్పారింది. "ఎన్నాళ్ళ నుంచో ఒకటే దిగులండీ. మీ కళ్ళు బాగున్నాయి, నాకంతే చాలు."

పెన్ను తీసి, కాగితం ముందుకు లాక్కుంది. "సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించండి. తప్పు చోట పెట్టానని తర్వాత నన్ను అనకండి."

అతను లేచి వచ్చి వేలు పెట్టాడు. ఆవిడ పెన్ను ఆపింది.

"పొద్దున గేటు దగ్గర మీ బస్సు ముందు ఏదో గోలైందటగా? పక్కింటావిడ అంటోంది."

"ఏం లేదు. ఓ పిల్ల అడ్డొచ్చింది."

"మీకు కనిపించిందిగా?"

"కనిపించబట్టేగా బ్రేకు వేశాను!"

పిల్ల అడ్డు రాలేదు. ముందు నుంచీ అక్కడే నిలబడి ఉంది. బూడిదరంగు గోడ, బూడిదరంగు యూనిఫాం. అతనికి కనిపించింది ఆ పిల్ల చేతిలోంచి జారి దొర్లిన పసుపురంగు మంచినీళ్ళ సీసా మాత్రమే. బస్సు ఆగిన చోటికీ పిల్లకీ మధ్య జానెడు దూరం. ఏడవడం కూడా మరిచిపోయి, ఆ పిల్ల అతన్నే చూస్తూ ఉండిపోయింది.

పెన్ను కాగితాన్ని తాకింది.

"ఆగు!"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏమైందండీ?"

ఇరవై రెండేళ్ళ ఉద్యోగాన్ని తన నోటితో తానే పోగొట్టుకునే ధైర్యం అతనికి లేకపోయింది. ఆవిడే పట్టుకుంటే పీడా పోతుందనిపించింది. సిగ్గుపడాల్సి వస్తే భార్య దగ్గరేగా!

"ఇంకోసారి చదువుతాను. మనసుకి నిమ్మళంగా ఉంటుంది" అంటూ తెర వైపు తిరిగాడు. ఆవిడ పక్క నుంచే చెయ్యి చాపి, తీసివేత గుర్తు నొక్కుతూ వందకి దించేశాడు. పేజీ మళ్ళీ తెరిచాడు. కొత్త అక్షరాలు చిన్నవైపోయి తెర పైభాగంలో సర్దుకున్నాయి. కిందంతా తెల్లగా మిగిలింది. ఏం నొక్కుతున్నారని ఆవిడ అడగనైనా లేదు.

అతను వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఏడో వరస చీమల బారులా కనిపించింది. గొంతు సవరించుకుని, తడుముకోకుండా, నోటికొచ్చిన అయిదు అక్షరాలు గట్టిగా చెప్పేశాడు.

"మ, ర, చ, ద, క."

తప్పు అనే మాట కోసం కళ్ళు మూసుకున్నాడు.

"అన్నీ సరిగ్గా చదివారు."

అతను దిగ్గున లేచాడు. తెరకి ముక్కు ఆనించినంత పని చేసి చూశాడు. త, వ, హ, బ, య. చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకే ఇంత అబద్ధం? బస్సు నిండా పసిపిల్లలే! నా జీతం కోసం తప్పుడు సంతకం పెడతావా?"

"అబద్ధమేంటండీ!" అంది ఆవిడ. "మీరు చదివినవే... ఇదిగో, ఇక్కడే ఉన్నాయిగా!" అంటూ తెర మీద వేలు పెట్టి, ఒకటీ, రెండూ, మూడూ అని జరుపుతూ అయిదింటినీ చూపించింది.

ఆ వేలి కింద తెర ఖాళీగా ఉంది. ఒక్క అక్షరమూ లేదు.