హనుమంతరావు మీద అర్జీ

“హనుమంతరావుగారి మీద అర్జీ ఒకటి రాసిపెట్టాలండి మాస్టారూ,” అన్నాడు తోమాసు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుంటూ.

రాజారత్నం మాస్టారు చదువుతున్న పేపరు వెంటనే దించలేదు. మూడు నెలల కిందట పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నికలో ఇదే హనుమంతరావు చేతిలో ముప్పై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాడాయన. ఓడిపోవడం ఒక ఎత్తు, సొంత పేటలో ఓట్లు తక్కువ రావడం మరో ఎత్తు. పిట్టలవానిపాలెం పక్కనున్న ఆ ఊళ్ళో మిషన్ బడి మాస్టరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. క్రైస్తవుల పేటలో ఓటున్న వాళ్ళలో సగానికి పైగా ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. అలాంటిది, పేట పెట్టె విప్పి లెక్కపెడుతుంటే హనుమంతరావు గొడుగు గుర్తు మీదే ముద్రలన్నీ కనపడ్డాయి. అప్పటినుంచీ ఆదివారం చర్చికి వెళ్ళి రావడం తప్ప మాస్టారు గడప దాటలేదు. అన్నం సయించడం లేదు. ఎవరో ఒకరు వచ్చి, ‘పొరపాటైపోయింది మాస్టారూ’ అంటే చాలని ఎదురుచూస్తున్నాడు.

ఆ ఒకరు ఇవాళ రానే వచ్చారనిపించింది. అదీ ఒక్కరు కాదు. తోమాసు వెనక కరుణమ్మ, ఆవిడ వెనక లూకా, ఇంకో నలుగురు అరుగు కింద నిలబడి ఉన్నారు. మాస్టారు పేపరు మడిచి, సంగతేంటని అడిగాడు.

పేట రోడ్డుకని మండలాఫీసువాళ్ళు నాలుగు లారీల కంకర పంపారట. రెండు లారీలు పేటలో దిగాయి, రెండు లారీలు హనుమంతరావు రైసుమిల్లు దారిలో దిగాయి. అదేంటని అడగబోతే, ఆ దారిన మీరు మాత్రం నడవరా అని ప్రెసిడెంటు ఎదురు ప్రశ్న వేశాడట. వానలు మొదలైతే పేట పిల్లలు మోకాలి లోతు బురదలో బడికి పోవాలి.

మాస్టారికి లోపల్లోపల సంతోషం వేసింది. పిల్లల బురద సంగతి విని సంతోషించడం తప్పని తెలుసు. అయినా సంతోషించాడు. తెల్లకాగితాలు తెమ్మని భార్యను కేకేశాడు. ఆ గొంతు విని సరోజమ్మ ఆశ్చర్యపోయింది. కాగితాలు ఇచ్చి, అడగకుండానే అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

కలం తీశాడు గానీ, ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాడు.

“తోమాసూ, నిజం చెప్పరా. ఓటు ఎవరికేశావు?”

“హనుమంతరావుగారికేనండి,” అన్నాడు తోమాసు, బళ్ళో హాజరు పలికినంత తేలిగ్గా.

లూకా తనదీ అంతేనన్నాడు. కరుణమ్మయితే, తను వేయడమే కాకుండా ఇద్దరు కోడళ్ళ చేతా వేయించానని చెప్పింది. ఎవరి ముఖంలోనూ తప్పు చేసిన జాడ లేదు. డబ్బులు పుచ్చుకున్నారా అని అడిగితే నొచ్చుకున్నారు. నా మీద కోపమా అని అడిగితే నాలుక కరుచుకున్నారు. మరెందుకు వేశారో మాస్టారికి అంతుపట్టలేదు. పిల్లల పలకల మీద లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోకుండా నిద్రపోని మనిషాయన. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, ఆరా తీయాలన్న తపన మాత్రం పట్టుకుంది.

ముందు పని కానిద్దామని మండలాఫీసుకు అర్జీ రాయడం మొదలుపెట్టాడు. లారీల నంబర్లు వేశాడు, తేదీలు వేశాడు, కంకర దిగుతుంటే చూసినవాళ్ళ పేర్లు వేశాడు. ఎక్కడా ఒక్క తిట్టు లేదు, తప్పించుకునే సందూ లేదు. నకలు తెనాలి ఆర్డీవోగారికి అని కింద రాసి, మొత్తం పైకి చదివి వినిపించాడు. అయిపోగానే లూకా ప్రార్థన ముగిసినట్టు “ఆమేన్” అన్నాడు.

అందరూ వరసగా సంతకాలు చేశారు. వేలిముద్ర ఒక్కటీ లేదు. అది చూశాక మాస్టారి మనసు పూర్తిగా కరిగిపోయింది. పాత ప్రెసిడెంటు కాజేసిన బోరింగు పంపు కూడా మాస్టారి అర్జీకే తిరిగొచ్చిందని, ఇక ఈ ప్రెసిడెంటు ఎంతని తోమాసు ధైర్యంగా అన్నాడు.

అదే అదనుగా మాస్టారు కళ్ళజోడు తీసి అడిగాడు.

“సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు మీకూ తెలిసొచ్చింది కదా. మళ్ళీ నేను నిలబడితే వేస్తారా?”

టీ తాగుతున్నవాళ్ళు తాగడం ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తోమాసు చంకలోని తలగుడ్డ సర్దుకున్నాడు. చివరికి కరుణమ్మే నోరు విప్పింది.

“వేయమండి అన్నయ్యగారూ.”

పేట కంకర మిల్లుకు తోలుకున్నవాడి కన్నా నేను తీసికట్టా అని అడిగాడు మాస్టారు. అడుగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా తోచలేదు.

కరుణమ్మ గాభరాపడి గ్లాసు కింద పెట్టేసింది. ఆయనలాంటి మనిషి మండలం మొత్తం మీద లేడని, అది పేటలో చిన్నపిల్లకి కూడా తెలుసని చెప్పింది. మిగిలినవాళ్ళు అవునంటే అవునన్నారు.

“మరి?” అన్నాడు మాస్టారు.

“ప్రెసిడెంటు ఎవరైనా మాకు అర్జీతో పని పడతానే ఉంటదండి,” అంది కరుణమ్మ. “రేపు ఆ కుర్చీలో మీరే కూర్చున్నారనుకోండి, మీ మీద అర్జీ మాకెవరు రాసిపెడతారండి?”