గడియ వేసిన సమాచారం

ఆ మేనేజరుతో కాపురం అంటే మాటలు కాదు. ఆఫీసు ఫోన్ మోగితే చాలు, స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు. బయట ఎవరికెంత తొందరున్నా అరగంట ఆగాల్సిందే.

జనం సొమ్ము తీసుకెళ్లి షేర్లలో పెట్టే కంపెనీ అతనిది. ఏ షేర్లు కొనబోతున్నారో కొనేదాకా ఇంట్లోవాళ్లకు కూడా తెలియకూడదు. దగ్గరి బంధువులెవరైనా ముందే కొన్నట్టు తేలితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే మూడు నెలలకోసారి ఇంటిల్లిపాదీ ఏమీ కొనలేదని సంతకాలు పెట్టి ఇవ్వాలి.

"నా దగ్గరున్నవి రెండు కళ్లజోళ్లురా. అవీ రాయమంటావా?" అనేవారు అతని తల్లి.

ఫోన్ మధ్యలో లోపల్నుంచి తుమ్ములు వినిపించేవి. ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చేవాడు.

"పాపం, ఆ ఉద్యోగం నా కొడుకుని ఏడిపించుకు తింటోందే!"

"ఏడిస్తే తుమ్ములెందుకొస్తాయి అత్తయ్యా?" అనేది భార్య.

ఒక సోమవారం ఆఫీసులో నిబంధనల వ్యవహారాలు చూసే మేడమ్ అతన్ని పిలిచింది. కంపెనీ కొన్న షేర్లనే రెండు రోజుల ముందు అతని బావమరిది కొన్నాడు.

"ఎవరు చెప్పారు?"

'మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి విని ఉంటుంది. తమ్ముడంటే ప్రాణం' అని కాగితం మీద రాసిచ్చాడు.

సాయంత్రం ఆ సంగతి విని భార్య మడతపెడుతున్న దుప్పటి వదిలేసింది.

"పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను. ఆ తలుపు వెనక నాకు వినిపించినవి మీ తుమ్ములేనండీ!"

వెంటనే కింది వాటాలో ఉండే తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో గరిటెతో సహా వచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్, నేను చెప్పానా నీకు?"

"ఛ, నువ్వెందుకు చెప్తావక్కా?" అన్నాడు. ఇంకో ప్రశ్న పడేలోపే, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ జారుకున్నాడు.

మర్నాడు ముగ్గురినీ ఆఫీసుకి పిలిచారు. మేడమ్ ఆ కాగితం భార్య ముందు పెట్టింది. మొగుడి చేతిరాత. ఒక్క కొట్టివేత కూడా లేదు. పెళ్లిలో కూడా అంతసేపు తల దించుకోలేదు ఆవిడ.

అక్కని అలా చూడలేక తమ్ముడు నోరు విప్పాడు.

"అక్క చెప్పలేదండీ. బావే చెప్పాడు."

"నేనా? ఎప్పుడురా?"

"నేను వంట చేసుకునేటప్పుడు."

"మీ వంటింట్లో నేను అడుగైనా పెట్టలేదు!"

"పెట్టక్కర్లేదుగా. నువ్వు తుమ్మినప్పుడల్లా నేను పొయ్యి తగ్గిస్తూనే ఉన్నాను బావా."

మేనేజరు ముక్కు ఒకసారి తడుముకున్నాడు. భార్య ముఖం చూసే ధైర్యం లేక, నేల చూస్తూ అన్నాడు:

"ఆ కాగితం చించెయ్యండి మేడమ్, తప్పు నాదే, మా స్నానాల గది వెంటిలేటర్ కిందే వీడి వంటింటి కిటికీ, వీడి మిరపకాయల ఘాటు పైకొచ్చిన దారినే నా మాటలు కిందికి దిగాయి."