గుమ్మంలో కుర్చీ

"దాటి పో. కాళ్ళున్నాయిగా?"

ఆ ముసలాయన ఆ అమ్మాయితో అన్న మొదటి మాట అది. ఆ తర్వాతైనా అంతకంటే తియ్యటి మాట ఆయన నోటి వెంట రాలేదు.

చెవులు వినపడని పిల్లలకి చేతి సైగలతో చదువు చెప్పడానికి దేశం కాని దేశం వచ్చింది ఆ అమ్మాయి. జీతం లేని కొలువు. బస బకెట్ల కొట్టాయన ఇంట్లో. కొట్టు పక్కనే ఆయన ఇచ్చిన గదిలో బడి.

ఆ బడి గుమ్మానికి సరిగ్గా మధ్యలో, తెల్లారేసరికి కుర్చీ వేసుక్కూర్చునేవాడు కొట్టాయన తండ్రి. వీధి వైపు మొహం, బడి వైపు వీపు. పిల్లలంతా ఆయన కాళ్ళు దాటుకుని లోపలికి రావాల్సిందే.

ఒక్కనాడైనా తల తిప్పి ఆ పసివాళ్ళ వంక చూస్తే ఒట్టు!

కొట్లోకి బకెట్లు మోసుకొచ్చే కూలీలు అటుగా వస్తే చాలు, కర్రెత్తి ఇంతెత్తున ఎగిరేవాడు. పిల్లలు ఆయనకో సైగ పేరు పెట్టుకున్నారు. రెండు అరచేతులూ మొహం ముందు నిలబెడితే, గోడ.

'అడ్డుగోడ! సరిగ్గా పెట్టారు' అని నవ్వుకుంది ఆ అమ్మాయి.

ఓసారి భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేసింది.

"బావగారూ, మీ నాన్నగారికి మా బడి మీద ఎందుకింత కక్ష?"

"చాదస్తం తల్లీ, పట్టించుకోకు. నీ బడి నా బడి కాదూ?" అంటూ కొట్టాయన ఆమె కంచంలో ఇంకాస్త కూర వడ్డించాడు.

ఎంత మంచి మనిషి, అనుకుంది.

ఆయన భార్య మాత్రం తలొంచుకుని గిన్నెలు సర్దుకుంది. ఆవిణ్ణి ఆ అమ్మాయి అక్కా అని పిలిచేది. వంట చేస్తూ చేస్తూనే సైగలన్నీ నేర్చేసుకుంది అక్క. రేపు ఈ అమ్మాయి వెళ్ళిపోయాక బడి నడపాల్సింది ఆవిడే. అది నిలబడితే చాలు, తన రాకకి ఫలితం దక్కినట్టే.

చివరి రోజు రానే వచ్చింది. సాయంత్రం బస్సు, అట్నుంచి అటే విమానం. పిల్లలు చేతులతో కథ చెప్తారు రండని తల్లిదండ్రులందర్నీ పిలిచింది.

"తాతగారూ, ఇవాళ కాస్త లేవండి. పెద్దవాళ్ళొస్తారు."

"లేవను."

"ఒక్క పూట!"

"ఒక్క పూట చాలు," అన్నాడాయన, వీధి వంకే చూస్తూ.

ఆ అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇన్నాళ్ళూ మీ కాళ్ళు దాటాం. ఇంక దాటం! ఈ పిల్లలు నాలుగక్షరాలు నేర్చుకుంటుంటే మీకెందుకంత కడుపుమంట? మీరెంత అడ్డం పడ్డా ఈ బడి ఆగదు. ముందు లేవండి!"

ముసలాయన మొదటిసారి తల తిప్పి ఆమెని చూశాడు. ఏదో చెప్పబోయి, పక్క కొట్లో ఉన్న కొడుకు వంక చూసి ఊరుకున్నాడు.

"పర్లేదు, నోరుంది," అంటూ కర్ర మీద ఆనుకుని లేచాడు. "నేను లేస్తే నువ్వు చూసుకోవాలి మరి."

"చూసుకుంటాను!"

ఆయన టకటకా కర్ర ఆనించుకుంటూ వీధి చివరికి నడిచిపోయాడు. ఆ అమ్మాయి కుర్చీని గుమ్మం పక్కకి లాగేసింది.

పిల్లలందరిలోకీ చిన్నది ఆ కుర్చీని మళ్ళీ గుమ్మంలోకి ఈడ్చుకొచ్చింది. ఆ అమ్మాయి విసుక్కుంటూ దాన్ని తీసుకెళ్ళి పెరట్లో పడేసింది.

కథ బ్రహ్మాండంగా జరిగింది. తల్లులు చేతులెత్తి వేళ్ళు ఆడించారు, వినపడని పిల్లలకి అవే చప్పట్లు. తర్వాత అక్క అందరికీ పెరట్లో ఫలహారం పెట్టింది.

సంచీ తీసుకుందామని బడికొచ్చిన ఆ అమ్మాయి కొయ్యబారిపోయింది.

బల్లలు వీధిలో ఉన్నాయి. కూలీలు దొంతర్ల కొద్దీ బకెట్లు లోపలికి చేరేస్తున్నారు. కొట్టాయన చేతిలో కొత్త తాళం.

"బావగారూ, ఏంటిది?"

"నువ్వెళ్ళిపోతున్నావు, బడి అయిపోయింది. సరుక్కి చోటు చాలక చస్తున్నాను తల్లీ." అదే నవ్వు.

"అయిపోవడమేంటి? రేపట్నుంచి అక్క చెప్తుందిగా!"

"మీ అక్కకి ఇంట్లో పనేం లేదనుకున్నావా?"

ఆ అమ్మాయి చరచరా వెళ్ళి గడప మీద చతికిలబడింది. కాళ్ళు బారజాపింది. వీధి వైపు మొహం, బడి వైపు వీపు.

"వేసుకోండి తాళం, నా కాళ్ళ మీదుగా!"

"బస్సు వెళ్ళిపోతుంది తల్లీ."

"వెళ్ళనివ్వండి."

"మరి విమానమో?"

"అది కూడా!"

కొట్టాయన మొహంలో నవ్వు ఎగిరిపోయింది. కూలీలు చేతిలో బకెట్లు ఎక్కడివక్కడ దించేశారు.

అంతలో పెరట్లోంచి అక్క వచ్చింది, పాత కుర్చీని చంకనెత్తుకుని. తెచ్చి గుమ్మం మధ్యలో వేసింది. ఏనాడూ మొగుడి ముందు తలెత్తని మనిషి, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ నోరు విప్పింది.

"లే చెల్లీ, కుర్చీలో కూర్చో. మామయ్యగారు ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నది నీకు అడ్డంగా కాదు, మీ బావకి."