ఎండ జరిగే వరండా

పిట్టగోడ మీద ఆరేసిన బొంత మళ్ళీ జరిగింది.

పొద్దున క్లాసుకి పోతూ మోయిరా దాన్ని తన తలుపుకి ఎదురుగా వేసింది. ఇప్పుడది వరండా చివర ఉంది.

దాని పక్కన పొట్టి స్టూలు. స్టూలు మీద నీలం దూదికోటు తొడుక్కున్న ముసలావిడ, కమలాపండు ఒలుచుకుంటోంది.

"తిన్నావా?" అంది ముసలావిడ.

షిచ్యావ్ ఊళ్ళో ఎవరెదురుపడ్డా అడిగే మాటే అది. మోయిరా బొంత లాక్కుని లోపలికెళ్ళి తలుపేసింది.

"మళ్ళీ ముట్టుకుంది!"

భర్త యూవన్ కోటూ టోపీ వేసుకునే పేపర్లు దిద్దుతున్నాడు.

"ఎత్తుకుపోలేదుగా? అంత బరువు మొయ్యలేదులే పాపం."

"నవ్వకు. నాకు ఒళ్ళు మండుతోంది."

"మండితే మంచిదేగా. వెచ్చగా ఉంటుంది."

ఆమె నవ్వబోయింది. దగ్గొచ్చింది. చాలాసేపు ఆగలేదు.

ఇద్దరూ స్కాట్లండ్ నుంచి ఈ బడికి ఇంగ్లీషు చెప్పడానికొచ్చారు. అక్కడ చలి లేక కాదు, అక్కడ ఇళ్ళు వెచ్చగా ఉంటాయి. ఇక్కడ బయటెంత చలో ఇంట్లోనూ అంతే. హీటరు పెడితే మేడ మొత్తానికి కరెంటు పోతుంది.

ఎదురుగా కొత్త హాస్టలు లేచాక టీచర్ల మేడలో గదులన్నీ నీడలో పడ్డాయి. పైఅంతస్తు చివరి గదికి మాత్రం మధ్యాహ్నం ఎండొస్తుంది. దాన్ని వీళ్ళకిచ్చారు.

"ఈ ఎండ కూడా లేకపోతే నేనుండలేను యూవన్. సెలవులకి వెళ్ళి మళ్ళీ రాను."

"మరి పిల్లలు? ఇప్పుడిప్పుడే కదా నోరు విప్పుతున్నారు."

మోయిరా బొంత తల మీదిదాకా లాక్కుంది.

మర్నాడు జ్వరం తగిలింది. బడి మానేసి పడుకుంది. బడి కింది ఏటి మీద పొగమంచు మెల్లగా విడిపోయింది. కిటికీలోంచి ఎండ దిగింది. పాదాల మీదికొచ్చింది, మోకాళ్ళ మీదికి పాకింది. పిల్లలు పాఠం వల్లిస్తున్న చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. కమలాతొక్కల వాసన. నిద్రో మెలకువో తెలియలేదు.

ఉన్నట్టుండి మోకాళ్ళు చల్లబడ్డాయి.

కళ్ళు తెరిచింది. మంచం మీద ఒక నీడ కూర్చుని ఉంది. గుండ్రటి తల, వంగిన వీపు. కదలట్లేదు.

కిటికీ బయట ముసలావిడ ఎండ కాగుతోంది.

సాయంత్రం చూడ్డానికి తాంగ్ లియన్ వచ్చింది. ఆ బడిలోనే చదువుకుని ఆ బడిలోనే ఇంగ్లీషు చెప్పే పిల్ల. వీళ్ళ మాట ఊరివాళ్ళకీ, ఊరివాళ్ళ మాట వీళ్ళకీ చెప్పేది ఆమే.

"లియన్, ఆవిణ్ణి ఇక్కడ కూర్చోవద్దని చెప్పు. మాకొచ్చే ఎండే ఇంత."

లియన్ కిటికీ వైపు చూసింది.

"ఫాంగ్ మామ్మ... ఒకప్పుడు ఇక్కడి టీచరే. ఆవిడకి అలవాటు."

"అలవాటైతే వాళ్ళ గుమ్మం ముందు కూర్చోమను!"

లియన్ మొహం ఎర్రబడింది. "చెప్తాను" అంది.

దూరం నుంచొచ్చిన మనిషికి ఈ ఊళ్ళో ఎవరూ కాదని చెప్పరు. దాన్ని మర్యాద అంటారు. నోట్లో గుడ్డలు కుక్కే మర్యాదలు కూడా ఉంటాయి లోకంలో.

మర్నాడు మోయిరా కిటికీ అద్దంలోంచే అంతా చూసింది. లియన్ వంగి ఏదో చెప్పింది. ముసలావిడ తల ఊపింది. నవ్వింది కూడా. బొంతని రెండు దెబ్బలు కొట్టి ఎండలోకి కాస్త జరిపింది. ఈ ఊళ్ళో దగ్గుకి కాచి తాగే కమలాతొక్కలు కిటికీ గట్టు మీద పెట్టింది. స్టూలు చంకన పెట్టుకుని, పిట్టగోడ పట్టుకుంటూ, మెట్లు దిగిపోయింది.

ఇక ఎండంతా వీళ్ళదే.

కానీ బొంత వెచ్చబడటం మానేసింది.

"పొద్దుణ్ణుంచీ బయటే ఉందిగా! ఇంత చెమ్మగా ఎందుకుంది?" అన్నాడు యూవన్.

మోయిరాకి అర్థం కాలేదు. దగ్గు తగ్గలేదు. చలికాలపు పసుప్పచ్చ పూలు పూసి, రాలిపోయాయి.

ఒక ఆదివారం ఆమె వరండాలో కూర్చుంది. హాస్టలు నీడ పిట్టగోడ మీద పిల్లిలా నడిచొచ్చింది, బొంత అంచు ఎక్కింది. మోయిరా లేచి బొంతని ఎండలోకి లాగింది. కూర్చుంది. నీడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేచింది.

నాలుగోసారి లేచినదల్లా బొంత అంచు పట్టుకుని, ముసలావిడ స్టూలు ఉండే చోటు వంక చూస్తూ నిలబడిపోయింది.

గిన్నె నిండా కమలాపళ్ళు పోసుకుని లియన్ దగ్గరికి పరుగెత్తింది.

"ఫాంగ్ మామ్మ ఏ గదిలో ఉంటుంది? వచ్చి కూర్చోమని నేనే చెప్తాను. రోజంతా కూర్చోమంటాను."

లియన్ ఆ పళ్ళ వంక చూసింది. మెట్ల కింద గది తలుపు తోసింది. కిటికీ లేదు. గోడలు చెమ్మ కారుతున్నాయి. చాపలేని మంచం. పొట్టి స్టూలు.

"దగ్గు ముదిరితే మేనల్లుడొచ్చి కొండ మీది ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడే పోయింది. నిన్న కబురొచ్చింది."

"ఇక్కడా ఉండేది? ఈ చీకట్లోనా?"

"మీరొచ్చాకే. మీకు చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది."

"ఏం చెప్పొద్దని?"

లియన్ స్టూలు మీద దుమ్ము రుమాలుతో తుడిచింది.

"'దూరం నుంచి టీచర్లొస్తున్నారు, ఎండొచ్చే గది కావాలి' అన్నాడు హెడ్మాస్టరు. చలిమంట బొగ్గయినా పంచుకోని వాళ్ళం, మేమంతా నేలచూపులు చూశాం" అంది. "'పిల్లలకి నాలుగు ఇంగ్లీషు మాటలొస్తాయి, నా గది తీసుకోండి, మధ్యాహ్నం పూట నా గుమ్మం ముందు కాసేపు కూర్చోనిస్తే చాలు' అని చెయ్యెత్తింది ఆవిడ ఒక్కతే."