ఒలికిన అక్షరాలు

మా ల్యాబులో ఒక ఇనుప గది ఉంది. తలుపు వేస్తే ఏ సిగ్నలూ లోపలికి రాదు, బయటికి పోదు. అందులో కూర్చుని ఫోన్ చిప్పులను పరీక్షించడం నా పని. అరవై నాలుగు అక్షరాలు పట్టే చోటికి నూరు పంపుతాను. సోలెడు పట్టే గిన్నెలో తవ్వెడు పోసినట్టు మిగతావి పక్కకు ఒలికాయంటే, ఆ చిప్పు దొంగలకు తలుపు తీసినట్టే.

ఆ రాత్రి అన్నీ 'అ'లే పంపాను. ఒలికాయి. ఒలికిన 'అ'ల మధ్య నేను పంపని మాట కనిపించింది. "అక్క ఒక్కతే ఉంది."

గంట క్రితం ఆ మాట నేనే అన్నాను, పక్కనే కూర్చుని పనిచేసే నిద్రమొహం సహోద్యోగితో. అప్పుడు నేను పరీక్షిస్తున్న ఈ ఫోన్ బల్ల మీదే ఉంది. అందులో సిమ్ కూడా లేదు.

"ఇది నీ పనేనా?" అని అడిగాను.

"ఆవలించడానికే తీరిక లేదు తల్లీ, వేళాకోళాలు కూడానా?"

నవ్వుతాడేమోనని అతని మొహమే చూశాను. నవ్వలేదు.

నా ఫోన్లోనూ, అక్క ఫోన్లోనూ ఉన్నది ఆ చిప్పే. బయటికి వచ్చాను. నా ఫోన్ నేను ఆపి పెట్టినట్టే సొరుగులో ఉంది. ఆఫీసు ఫోన్ నుంచి అక్కకు చేశాను.

"నువ్వా? ఇదేం నంబరే? ఇప్పుడేగా నీ ఫోన్ నుంచి చేసి, గుమ్మంలో ఉన్నా తలుపు తియ్యమన్నావు?"

"తియ్యకు అక్కా. నేను ఆఫీసులోనే ఉన్నాను."

నా మాటలను మింగేస్తూ అవతల తలుపు దబదబా చప్పుడైంది. తరువాత అక్క గొంతు కొంచెం దూరంగా వినిపించింది.

"వస్తున్నానే, అంత తొందరేంటి?"

ఆ మాట నాతో అన్నది కాదు.