గెలవద్దన్న పందెం

పెళ్లిచూపుల్లో పాట పాడించే కాలం పోయింది. ఇప్పుడు అబ్బాయీ అమ్మాయీ వీడియో గేములో కార్ల పందెం ఆడితే, పెద్దలు గోడంత తెరమీద చూసి గుణగణాలు తేల్చుకుంటారు.

"మంచి సంబంధమే. ఓడిపో తల్లీ," అని ప్రసూనకి వాళ్లమ్మ ముందే చెవిలో చెప్పింది.

ప్రసూన బుద్ధిగా కారు మెల్లగా నడిపింది. పెళ్లికొడుకు సుధీంద్ర కారు ఇంకా మెల్లగా వచ్చింది. రెండు ఆటలూ ఎద్దుబండ్లలా సాగాయి.

మూడో ఆటలో ప్రసూనకి ఒళ్లు మండింది. "కావాలనే ఓడిపోతున్నారు కదూ?"

"మా అమ్మ చెప్పింది," అన్నాడతను తల వంచుకుని.

"మా అమ్మా అదే చెప్పింది. సరిగ్గా ఆడండి!"

ఆడారు. ఉప్మా చల్లారిపోయింది. పెద్దలు కుర్చీల్లోంచి లేచి కేకలు పెట్టారు. ప్రసూన వెంట్రుకవాసిలో గెలిచింది.

ప్రసూన వాళ్లమ్మ మొహం పాలిపోయింది.

"ఇంకొక్క ఆట!" అన్నాడు సుధీంద్ర ఉక్రోషంగా.

"పెళ్లయ్యాక," అంది ప్రసూన.