లైట్ బీరు, వెలగని పొయ్యి

ఇంటికి రోజుకిన్ని కేలరీలని సర్కారు కోటా పెట్టిన కాలమది. ఇంట్లో ఎవరు ఏం తిన్నా, తాగినా చేతికున్న పట్టీ లెక్కగట్టేది. కోటా అయిపోతే వంటింట్లో పొయ్యి వెలిగేది కాదు, బయట హోటళ్లూ ఏమీ అమ్మేవి కావు.

హనుమకొండలో ప్రభంజన్ రోజూ ఆఫీసు నుంచి వస్తూ బార్‌లో లైట్ బీరు తాగేవాడు. లైటే కదా అని ఇంకొకటి, ఆపైన మరొకటి. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య స్వరూప నానబెట్టిన బియ్యం ముందు కూర్చుని ఉంది.

"పొయ్యి అంటుకుంటలేదు. మళ్లా తాగినవా?"

"లైట్ బీరే స్వరూపా. బరువు పెరగొద్దనే గదా అది తాగుతున్న."

"నీ బరువు పెరగలే. నేనైతే సగమైన," అంది ఆమె. చెయ్యెత్తి చూపిస్తే వదులైన గాజులు మోచేతి దాకా జారాయి. అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు అతను బార్ వైపు చూడకుండా, ఆకలితో నేరుగా ఇంటికొచ్చాడు. పొయ్యి వెలగలేదు. స్వరూప హోటల్ నుంచి తెప్పించిన మటన్ బిర్యానీ ముగించి, స్ట్రాంగ్ బీరు గ్లాసులో పోసుకుంటోంది.

"మరి నాకు?" అన్నాడు.

"ఫ్రిజ్‌ల కీరా ఉన్నది, కోసుకో. మస్తు లైట్‌గుంటది."